గడియారానికి అందని ఈత

నెదర్లాండ్స్‌కు చెందిన షారన్ వాన్ రౌవెండాల్ వరుసగా మూడు ఒలింపిక్స్‌లో పది కిలోమీటర్ల ఓపెన్ వాటర్ పోటీలో, అంటే పూల్‌లో కాకుండా సముద్రంలోనో నదిలోనో సరస్సులోనో జరిగే ఈత పోటీలో, పాల్గొంది. 2016లో రియోలో ఆ దూరాన్ని 1 గంట 56 నిమిషాల 32.1 సెకన్లలో ముగించింది. 2021లో జరిగిన టోక్యో పోటీలో 1 గంట 59 నిమిషాల 31.7 సెకన్లు పట్టింది. 2024లో పారిస్‌లో 2 గంటల 3 నిమిషాల 34.2 సెకన్లు పట్టింది. పరుగు పందేలు, స్విమ్మింగ్ పూల్ పోటీలు చూసి అలవాటైన కంటికి ఈ మూడు అంకెలూ వయసు పైబడి నెమ్మదిస్తున్న ఒక క్రీడాకారిణి కథలా కనిపిస్తాయి. కానీ పతకాల పట్టిక చూస్తే రియోలో స్వర్ణం, టోక్యోలో రజతం, ముప్పై ఏళ్ల వయసులో పారిస్‌లో మళ్లీ స్వర్ణం. ఎనిమిదేళ్లలో ఏడు నిమిషాలు నెమ్మదించిన మనిషి మొదటి స్థానంలోనే ఎలా ఉంది?

ఆ నెమ్మదింపు ఆమెది కాదు, నీటిది. రియోలో ఈదింది కోపకబానా తీరంలోని సముద్రం. టోక్యోలో ఒడైబా దగ్గరి వెచ్చటి అఖాతం. పారిస్‌లో ప్రవాహం బలంగా ఉన్న సెన్ నది. ఓపెన్ వాటర్ పోటీల్లో ఒకచోటి సమయాన్ని మరోచోటి సమయంతో పోల్చడానికి వీల్లేదు. పూల్ రికార్డులకు ఉన్న విలువ ఇక్కడి సమయాలకు లేకపోవడానికి కారణం అదే. ఈ క్రీడను ఎంచుకున్నవారి జీవితం మిగతా ఈతగాళ్ల జీవితంలా ఎందుకు నడవదో అర్థం కావాలంటే మొదట గడియారాన్ని పక్కన పెట్టాలి. ఇక్కడ అందరికీ వేగం ఉంటుంది. చివరి అయిదు వందల మీటర్లలో ఎవరి దగ్గర ఎంత శక్తి మిగిలి ఉందన్నదే గెలుపును తేలుస్తుంది. రెండు గంటల పోటీ అయినా, ఇరవై ఏళ్ల వృత్తి జీవితమైనా ప్రధానంగా పొదుపు విద్యే.

ఒక చిన్న లెక్క చూద్దాం. పూల్‌లో పురుషుల 1500 మీటర్ల ప్రపంచ రికార్డు అమెరికాకు చెందిన బాబీ ఫింకే పారిస్‌లో నెలకొల్పిన 14 నిమిషాల 30.67 సెకన్లు. అంటే వంద మీటర్లకు సుమారు 58 సెకన్లు. పది కిలోమీటర్లను గంటా యాభై నిమిషాల్లో ముగించేవాడు వంద మీటర్లను 66 సెకన్లలో ఈదుతున్నట్టు. పూల్‌లో ప్రతి యాభై మీటర్లకూ గోడను తన్ని ముందుకు దూసుకుపోయే వెసులుబాటు ఉంటుంది. ఇక్కడ గోడ లేదు, అలలు ఉన్నాయి, పక్కవాడి మోచేయి ఉంది. అయినా రెండింటికీ మధ్య తేడా ఎనిమిది సెకన్లే. దూరం ఈత అంటే తీరిగ్గా బారలు వేసుకుంటూ పోవడమని మనలో చాలామంది అనుకుంటారు. మనం ఊరి చెరువులో ప్రాణం పెట్టి ఈదిన నాలుగు బారల వేగం కంటే వీళ్లు రెండు గంటలపాటు నిలిపే వేగమే ఎక్కువ.

అంత వేగాన్ని అంతసేపు నిలపడానికి తోడ్పడే మొదటి ఉపాయం ఒకరి వెనక ఒకరు ఈదడం. ఎదురుగాలిలో సైకిల్ తొక్కేవాడు మెల్లగా వెళ్తున్న లారీ వెనక చేరితే గాలి తగలక పెడల్ తేలికవుతుంది. ఆ పని ప్రమాదకరమే అయినా, పల్లె నుంచి టౌనుకు సైకిల్ మీద వెళ్లి చదువుకున్నవారిలో దాన్ని చేయనివారు తక్కువ. నీరు గాలి కంటే ఎన్నో రెట్లు చిక్కనిది కాబట్టి ఈతలో ఆ లాభం ఇంకా గట్టిగా తెలుస్తుంది. ముందువాడి పాదాల వెనకో, అతని తుంటి పక్కనో చోటు దొరికితే అదే వేగానికి తక్కువ శ్రమ సరిపోతుంది. ఆ చోటు కోసమే గుంపులో తోపులాట జరుగుతుంది. 2008 బీజింగ్‌లో పది కిలోమీటర్ల ఈత తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు మహిళల పోటీలో బ్రిటన్ క్రీడాకారిణులు కెరీ యాన్ పేన్, కాసీ పాటెన్ ముందుండి గుంపును లాగారు. రష్యాకు చెందిన లారిసా ఇల్చెంకో వాళ్ల వెనకే ఉండి, చివర్లో దాటి, ఒకటిన్నర సెకను తేడాతో స్వర్ణం తీసుకుంది. దీన్ని దొంగాట అన్నవాళ్లు లేకపోలేదు. నా దృష్టిలో అది ఈ క్రీడ నడిచే తీరును అందరికంటే ముందు పట్టుకున్న మనిషి ఆట. ముందుండి లాగేవాడు ధైర్యవంతుడే. అయితే ఆ ధైర్యం ఖర్చు అతని ఖాతాలో పడుతుంది, లాభం వెనకవాడి ఖాతాకు చేరుతుంది.

వెనక ఉండడంలోనూ చిక్కులున్నాయి. తల నీటిలో ఉన్నప్పుడు ముందువాడి కాళ్లు లేపే బుడగలు తప్ప మరేమీ కనబడదు. దారి చూసుకోవడానికి కొన్ని బారలకోసారి కళ్లు మాత్రం నీటిపైకి వచ్చేలా తల ఎత్తాలి. తల ఎత్తిన ప్రతిసారీ నడుము కిందికి దిగుతుంది, నీరు అడ్డుపడుతుంది. ఎత్తకపోతే ముందువాడు దారి తప్పినప్పుడు మనమూ తప్పుతాం. మలుపు దగ్గర పెద్ద బూర ఒకటి నీటిపై తేలుతూ ఉంటుంది. దాన్ని చుట్టి తిరగాల్సిన చోట పదిహేను, ఇరవై మంది ఒకేసారి ఇరుక్కుంటారు. కళ్లద్దాలు ఊడిపోవడం, ముక్కుకు దెబ్బ తగలడం అక్కడ మామూలే. పోటీకి ముందు అధికారులు ప్రతి ఒక్కరి చేతి గోళ్లూ పరిశీలిస్తారంటే ఆ తోపులాట ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మరీ హద్దు మీరితే రిఫరీ పడవ నుంచి ముందు పసుపు జెండా, తర్వాత ఎర్ర జెండా లేస్తాయి. ఎర్ర జెండా పడినవారు నీళ్లు వదిలి పైకి రావాలి.

ఇక తిండి. రెండు గంటల పోటీలో మధ్యలో ఒంటికి చక్కెర, నీరు అందకపోతే చివరి ల్యాప్‌లో చేతులు లేవవు. అందుకోసం నీటిపై ఒక తేలే వేదిక ఉంటుంది. కోచ్‌లు దాని అంచున వరుసగా నిలబడి పొడవాటి కర్రలను నీటిపైకి చాపుతారు. కర్ర చివర గుండ్రటి పట్టులో సీసా, పక్కన చిన్న దేశ జెండా ఉంటాయి. ఇరవై కర్రలు ఒకదాని పక్కన ఒకటి ఊగుతుంటే, గుంపులో దూసుకొస్తున్న ఈతగత్తె తన జెండాను గుర్తుపట్టి, చెయ్యి చాచి సీసా అందుకుని, ఒక్క క్షణం వెల్లకిలా తిరిగి రెండు గుక్కలు మింగి, సీసాను వదిలేసి మళ్లీ బోర్లా తిరగాలి. ఇదంతా నాలుగైదు సెకన్ల పని. పక్కవాళ్ల చెయ్యి తగిలి సీసా జారిపోతే కోచ్ చేయగలిగింది ఏమీ లేదు, తర్వాతి ల్యాప్ వరకూ ఎదురుచూడాల్సిందే. అందుకే చాలామంది ఈత దుస్తుల్లోనే ఒక జెల్ పొట్లం దాచుకుంటారు. వేదిక దగ్గరికి వెళ్తే గుంపులో చోటు పోతుంది. వెళ్లకపోతే ఒంట్లో సత్తువ పోతుంది. ఏ ల్యాప్‌లో వెళ్లాలి, ఏ ల్యాప్‌లో మానాలి అన్నది పోటీ పరిస్థితిని బట్టి అక్కడికక్కడ తీసుకోవాల్సిన నిర్ణయం. ఇలాంటి నిర్ణయాలు ఇరవై ఏళ్ల కుర్రాడి కంటే పాతికేళ్లు దాటినవారికి బాగా కుదురుతాయి. ఈ క్రీడలో వయసు మరీ అంత శత్రువు కాకపోవడానికి ఇదొక కారణం.

ముగింపు దగ్గర మరో విచిత్రం ఉంటుంది. గీత దాటితే సరిపోదు, నీటిపై అడ్డంగా కట్టిన పలకను చేత్తో కొట్టాలి. రియో పురుషుల పోటీలో నెదర్లాండ్స్‌కు చెందిన ఫెర్రీ వేర్ట్‌మన్, గ్రీస్‌కు చెందిన స్పిరోస్ యనియోటిస్ ఇద్దరికీ ఒకటే సమయం నమోదైంది, 1 గంట 52 నిమిషాల 59.8 సెకన్లు. పలకను ఎవరి చెయ్యి ముందు తాకిందో ఫొటోలు చూసి తేల్చి వేర్ట్‌మన్‌కు స్వర్ణం ఇచ్చారు. యనియోటిస్ వయసు అప్పటికి ముప్పై ఆరేళ్లు. అదే ఒలింపిక్స్ మహిళల పోటీలో షారన్ పదిహేడు సెకన్లకు పైగా ముందు ముగించి ఈ గొడవలన్నింటికీ దూరంగా ఉండిపోగా, ఆమె వెనక ఫ్రాన్స్‌కు చెందిన ఒరేలీ ముల్లర్ పలక దగ్గర ఇటలీకి చెందిన రాకేలే బ్రూనిని అడ్డుకుందని తేల్చి ముల్లర్‌ను అనర్హురాలిగా ప్రకటించారు. రెండు గంటలు ఈది తెచ్చుకున్న రెండో స్థానం ఆఖరి చేతి కదలికతో పోయింది.

ఎవరూ ఇలాంటి జీవితాన్ని చిన్నప్పుడే ఎంచుకోరు. దాదాపు అందరూ పూల్ నుంచే వస్తారు. షారన్ సంగతే తీసుకుంటే, 2011లో షాంఘై ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఆమె గెలిచిన కాంస్యం 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లోది. వెల్లకిలా ఈదే పోటీలో పతకం గెలిచిన అమ్మాయి, ఫ్రాన్స్‌లో ఫిలిప్ లూకా అనే కోచ్ దగ్గర చేరాక, దూరం ఫ్రీస్టైల్‌కు మారింది. కఠినమైన శిక్షణకు ఆయన పెట్టింది పేరు. 2015 కజాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఆమె పూల్‌లో 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో అమెరికాకు చెందిన కేటీ లెడెకీ తర్వాత రజతం గెలిచింది, పది కిలోమీటర్ల ఓపెన్ వాటర్‌లో మరో రజతం గెలిచింది. నాలుగు నిమిషాల పోటీలోనూ రెండు గంటల పోటీలోనూ ఒకే వారం వ్యవధిలో ప్రపంచంలో రెండో స్థానంలో నిలవడం పరుగు పందేల్లో ఊహకందదు. నీళ్లలో అది సాధ్యం, ఎందుకంటే అక్కడ శరీర బరువును నీరు మోస్తుంది, కీళ్లపై దెబ్బ పడదు. ఈతగాళ్లు వారానికి అరవై, డెబ్బై, కొన్నిసార్లు తొంభై కిలోమీటర్ల దాకా సాధన చేసినా నిలవగలగడం దానివల్లే. భుజాలు మాత్రం ఆ లెక్కను మరిచిపోవు. ఈ క్రీడలో గాయం అనగానే అందరూ ముందుగా భుజం మీద చెయ్యి వేసుకుంటారు.

పూల్ వేగం ఉన్నవారు ఓపెన్ వాటర్‌కు రావడం కొత్త కాదు. ట్యునీషియాకు చెందిన ఉసామా మెల్లూలి 2008లో పూల్‌లో 1500 మీటర్ల స్వర్ణం గెలిచి, 2012 లండన్‌లో అదే పోటీలో కాంస్యంతో పాటు హైడ్ పార్క్ సరస్సులో పది కిలోమీటర్ల స్వర్ణం కూడా గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో పూల్‌లోనూ బయటా పతకం గెలిచిన తొలి ఈతగాడు అతడే. టోక్యోలో జర్మనీకి చెందిన ఫ్లోరియన్ వెల్‌బ్రోక్ 1500 మీటర్ల ఫైనల్ చివర్లో వెనకబడి కాంస్యంతో సరిపెట్టుకుని, నాలుగు రోజుల తర్వాత ఒడైబా అఖాతంలో పాతిక సెకన్ల తేడాతో పది కిలోమీటర్ల స్వర్ణం గెలిచాడు. అంత తేడా ఉంటే వెనక నక్కినవాడి ఉపాయాలు పని చేయవు. గుంపు అనేదే లేకుండా చేయగల వేగం ఉన్నవాడు వచ్చినప్పుడు ఇల్చెంకో నాటి లెక్కలు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. అయితే మూడేళ్లు తిరిగేసరికి పారిస్‌లో అదే వెల్‌బ్రోక్ ఎనిమిదో స్థానంలో నిలిచాడు. నీరు మారింది.

సెన్ నదిలో ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. ఒక్కో ల్యాప్ 1.67 కిలోమీటర్లు, మొత్తం ఆరు ల్యాప్‌లు. అలెగ్జాండర్ వంతెన దగ్గర మొదలై సగం దూరం ప్రవాహం వాలున, సగం దూరం ఎదురుగా. వాలున పోయేటప్పుడు నది మధ్యలో ఉంటే నీరే మోసుకుపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఏటికి ఎదురీత అన్న మాట అక్షరాలా నిజమవుతుంది. ఒడ్డు దగ్గర రాపిడి వల్ల నీటి వేగం తగ్గుతుంది కాబట్టి అందరూ రాతి గట్టుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా జరిగారు. మోచేయి గోడకు గీసుకుంటుందా అన్నంత దగ్గరగా ఒకరి వెనక ఒకరు బారులు తీరారు. ఎదురు నీటిలో పడవ నడిపే గోదావరి సరంగులకు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదిది, గట్టు పట్టుకుని పోవడం వాళ్లకు తాతల నాటి విద్య. ఆ ఇరుకులో ముందువాళ్లను దాటాలంటే గట్టు వదిలి బలమైన ప్రవాహంలోకి రావాలి, అంటే దాటడానికి మామూలు కంటే ఎక్కువ ఖర్చు పెట్టాలి. ఆస్ట్రేలియాకు చెందిన మొయీషా జాన్సన్ పోటీలో చాలా భాగం ముందుండి ఈదింది. షారన్ ఆమెను వదలకుండా ఉండి, చివరి ల్యాప్ దాకా ఆగి దాటి, అయిదున్నర సెకన్ల తేడాతో గెలిచింది. గెలిచాక తన మణికట్టు మీది పచ్చబొట్టు చూపించింది. ఆ ఏడాది మే నెలలో చనిపోయిన తన పెంపుడు కుక్క గుర్తుగా వేయించుకున్నదది. ఆ కుక్క పేరు రియో.

ఆ నది గురించి మరో మాట. నీటిలో మలినాల పరీక్షలు తేడాగా వచ్చి పోటీకి ముందు ఒక సాధన రోజు రద్దయింది. పోటీ జరుగుతుందో లేదో, అదే రోజు జరుగుతుందో లేదో తెలియకుండా శరీరాన్ని సిద్ధంగా ఉంచుకోవడం కూడా ఈ వృత్తిలో భాగమే. 2025లో సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లోనూ అదే కారణంతో పోటీలు వాయిదా పడ్డాయి.

మలినం కంటే వేడి పెద్ద ప్రమాదం. ఈతకు మించిన లోతు లేదన్న సామెత లోతు విషయంలో నిజమే గానీ, వేడి విషయంలో కాదు. గట్టిగా శ్రమిస్తున్న శరీరం తన వేడిని చుట్టూ ఉన్న నీటికి వదలాలి. ఆ నీరే ముప్పై డిగ్రీలకు చేరితే వేడి లోపలే ఉండిపోతుంది. నీటిలో ఉన్నవాడికి చెమట పడుతున్నట్టు కూడా తెలియదు. 2010 అక్టోబరు 23న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో పది కిలోమీటర్ల ప్రపంచ కప్ పోటీ అలాంటి వెచ్చటి సముద్రంలో జరిగింది. అమెరికాకు చెందిన ఇరవై ఆరేళ్ల ఫ్రాన్ క్రిపెన్ ఆ పోటీ ముగించలేదు. మిగతావాళ్లు ఒడ్డుకు చేరాక అతడు లేడని గమనించి వెతికితే, శవమై దొరికాడు. ఆ మరణం తర్వాతే నీటి ఉష్ణోగ్రతకు గట్టి హద్దులు వచ్చాయి. ఇప్పుడు 31 డిగ్రీలు దాటితే పోటీ జరపకూడదు, 16 డిగ్రీల కంటే తగ్గినా జరపకూడదు. 18 డిగ్రీల లోపు ఉంటే ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ తప్పనిసరి, 18 నుంచి 20 మధ్య ఎవరి ఇష్టం వారిది, 20 దాటితే నిషేధం. పై హద్దు 31 దగ్గర ఉండడం నాకు ఇప్పటికీ ఎక్కువే అనిపిస్తుంది. వెచ్చటి తీరాల్లో వేసవిలో పోటీలు పెట్టాలన్న నిర్వాహకుల ఉబలాటం ఆ అంకెను కిందికి దిగనివ్వడం లేదేమో.

ఈ పోటీ జీవితానికి మరో కత్తి మెడ మీద వేలాడుతూ ఉంటుంది, అది అర్హత. పారిస్‌లో పది కిలోమీటర్ల పోటీకి అర్హత కోటా పురుషుల్లో 22 మంది, మహిళల్లో 22 మంది. 2023 ఫుకువోకా ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో మొదటి ముగ్గురికి, 2024 దోహాలో మరో పదముగ్గురికి, మిగిలినవి ఖండాలవారీగానూ ఆతిథ్య దేశానికీ. ఒక్కో దేశం నుంచి ఇద్దరికి మించకూడదు. పూల్ ఈతగాడు అర్హత సమయాన్ని ఏడాది పొడవునా ఏదో ఒక పోటీలో సాధించుకోవచ్చు. ఓపెన్ వాటర్ ఈతగాడికి ఆ అవకాశం లేదు. ఒక ఉదయం, ఒక అల, జారిపోయిన ఒక సీసా నాలుగేళ్లను తినేయగలవు. బ్రెజిల్‌కు చెందిన ఆనా మార్సెలా కున్యా బీజింగ్‌లో పదహారేళ్ల వయసులో అయిదో స్థానం తెచ్చుకుంది. అందరూ తర్వాతి ఒలింపిక్స్ ఆమెదే అనుకుంటే లండన్‌కు అర్హతే సాధించలేకపోయింది. సొంత దేశంలో జరిగిన రియో పోటీలో పదో స్థానం. ఆ తర్వాత రక్తకణాలకు సంబంధించిన జబ్బుతో ప్లీహం తీయించుకోవాల్సి వచ్చింది. టోక్యోలో, ఇరవై తొమ్మిదేళ్లకు, స్వర్ణం గెలిచింది. షారన్ కంటే సెకను కూడా తేడా లేదు. భుజానికి శస్త్రచికిత్స చేయించుకుని మళ్లీ వచ్చి, ముప్పై రెండేళ్లకు పారిస్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బీజింగ్ నుంచి పారిస్ దాకా పదహారేళ్లు. పూల్‌లో ఇంత సుదీర్ఘ ప్రయాణం చాలా అరుదు.

ఇంతకాలం నీళ్లలో ఉంటే ఇల్లు ఎలా గడుస్తుంది? ప్రపంచ కప్ పోటీల్లో బహుమతి డబ్బు ఉంటుంది గానీ టెన్నిస్, గోల్ఫ్‌ల పక్కన పెడితే అది చిల్లర. టీవీలో రెండు గంటలపాటు టోపీలు, చేతులు మాత్రమే కనిపించే ఆటకు ప్రకటనకర్తలు తొందరపడి రారు. ఇటలీలో పాల్ట్రినియేరి వంటి ఈతగాళ్లు పోలీసు, సైనిక క్రీడా సంఘాల్లో ఉద్యోగులు. జర్మనీలోనూ సైన్యం అలాంటి కొలువులిస్తుంది. మన దగ్గర రైల్వేలు, పోలీసు శాఖ క్రీడాకారులకు ఇచ్చే స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, అక్కడ జీతంతో పాటు కోచ్, పూల్, ఏడాదిలో కొన్ని వారాలు ఎత్తైన ప్రదేశాల్లో సాధన కూడా కలిసి వస్తాయి.

మన దేశం పేరు రాగానే ఒక గందరగోళాన్ని విడదీయాలి. ఓపెన్ వాటర్ ఈత అనగానే మనకు గుర్తొచ్చేది ఇంగ్లిష్ ఛానెల్. 1958లో మిహిర్ సేన్ దాన్ని ఈదారు, మరుసటి ఏడాది ఆరతి సాహా ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళ అయ్యారు. 1966లో మిహిర్ సేన్ భారత్, శ్రీలంకల మధ్య ఉన్న పాక్ జలసంధిని కూడా ఈదారు. 2021లో తెలంగాణకు చెందిన గోలి శ్యామల అదే పాక్ జలసంధిని ఈదారు. ఇవన్నీ గొప్ప ఈతలే. అయితే అవి పోటీలు కావు. అక్కడ ప్రత్యర్థి లేడు, పక్కన తోడు పడవ ఉంటుంది, వాతావరణం అనుకూలించే రోజు చూసుకుని బయల్దేరవచ్చు, చేరితే గెలిచినట్టే. పది కిలోమీటర్ల పోటీ ఈతగాడికి రోజు ఎంచుకునే వీలు లేదు, చేరడం ఒక్కటే చాలదు. ఒకటి తపస్సు లాంటిదైతే రెండోది కుస్తీ లాంటిది. రెండింటికీ ఒకే పేరు పెట్టి మాట్లాడడం వల్ల మన దగ్గర మొదటిదానికి దక్కిన గౌరవం రెండోదానికి చేరలేదు. ఒలింపిక్స్ పది కిలోమీటర్ల ఈతలో ఇప్పటివరకూ భారతీయులు ఎవరూ పోటీ పడలేదు.

నీళ్లు లేక కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలో భాగీరథి నదిలో 81 కిలోమీటర్ల ఈత పోటీ ఏళ్ల తరబడి జరుగుతోంది. కృష్ణా, గోదావరి ఒడ్డున పుట్టినవారిలో వీపుకు బెండ్లు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చినవాళ్లు మొన్నటిదాకా ఇంటికొకరు. వరదలొస్తే పత్రికలు రాసే గజ ఈతగాళ్లు అలా తయారైనవాళ్లే. కానీ ఈ పోటీకి కావాల్సిన పునాది పూల్‌లో, పన్నెండేళ్ల లోపు, రోజుకు రెండుసార్లు, గోడ గడియారాన్ని చూసుకుంటూ పడుతుంది. గడియారానికి అందని ఈతకు గడియారం ముందే సిద్ధపడాలి. ఆ ఏర్పాటు ఉన్న పూల్‌లు మన రెండు రాష్ట్రాల్లోనూ పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. నది ఒడ్డున బలమైన భుజాలున్న పిల్లాడికీ ఆ పూల్‌కూ మధ్య రెండు బస్సుల దూరం ఉంటుంది.

తపస్సునూ కుస్తీనీ రెండింటినీ చేసినవాడు ఒకడున్నాడు, నెదర్లాండ్స్‌కు చెందిన మార్టెన్ వాన్ డెర్ వైడెన్. 2001లో ఇరవై ఏళ్లకు లుకేమియా అనే రక్త క్యాన్సర్ బయటపడింది. మూలకణ మార్పిడి చికిత్స తర్వాత మళ్లీ నీళ్లలోకి దిగి, 2008లో 25 కిలోమీటర్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, అదే ఏడాది బీజింగ్‌లో పురుషుల తొలి పది కిలోమీటర్ల స్వర్ణం గెలిచాడు. బ్రిటన్‌కు చెందిన డేవిడ్ డేవిస్ ముందుండి లాగాడు, ఇతడు వెనక ఉండి చివర్లో దాటాడు, తేడా ఒకటిన్నర సెకను. ఆ సంవత్సరాంతానికి పోటీలు మానేశాడు. మనోబలంతో క్యాన్సర్‌ను ఓడించాడన్న పొగడ్తను అతడు ఒప్పుకోడు. బతికింది అదృష్టం వల్లనేనని, చనిపోయినవాళ్లు తక్కువ పోరాడినట్టు మాట్లాడకూడదని అతని అభిప్రాయం. పోటీలు మానేసిన పదేళ్లకు, 2018లో, స్వదేశంలోని పదకొండు పట్టణాలను కలిపే కాలువల్లో దాదాపు రెండు వందల కిలోమీటర్లు ఈదడానికి దిగి, 163 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. 2019లో మళ్లీ దిగి సుమారు 74 గంటల్లో పూర్తి చేసి, క్యాన్సర్ పరిశోధనకు లక్షల యూరోల విరాళాలు పోగుచేశాడు. ఆ 74 గంటలను బీజింగ్‌లోని 1 గంట 51 నిమిషాలతో పోల్చి ఏది గొప్పదని అడిగితే సమాధానం లేదు, ఎందుకంటే వాటిని కొలిచే కొలబద్ద ఒకటి కాదు.

ఇప్పుడు ఆ కొలబద్ద కూడా మారుతోంది. 1991లో పెర్త్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఓపెన్ వాటర్ మొదలైంది 25 కిలోమీటర్ల పోటీతోనే. 5 కిలోమీటర్లు 1998లో, 10 కిలోమీటర్లు 2001లో వచ్చాయి. అయిదు గంటల ఈతను కూర్చుని చూసే ప్రేక్షకుడు తగ్గాడు. 2025 సింగపూర్‌లో మొదటిసారి మూడు కిలోమీటర్ల నాకౌట్ పెట్టారు. మొదట 1500 మీటర్లు, అందులో వడపోత, తర్వాత 1000, మళ్లీ వడపోత, చివర 500. అన్నీ ఒకే రోజు. పారిస్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచిన వెల్‌బ్రోక్ సింగపూర్‌లో ఈ కొత్త పోటీతో సహా నాలుగు స్వర్ణాలు గెలిచాడు. పూల్ వేగానికి విలువ పెరిగింది, రెండో గంటలో గానీ బయటపడని ఓర్పుకు తగ్గింది. పొదుపు విద్య ఇంకా అవసరమే, కానీ పొదుపు చేయాల్సింది గంటల కోసం కాదు, రెండు వడపోతల మధ్య ఉండే కొద్ది నిమిషాల కోసం. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో 25 కిలోమీటర్ల పోటీ చివరిసారి జరిగింది 2022లో, బుడాపెస్ట్‌లో. మహిళల్లో గెలిచింది ఆనా మార్సెలా కున్యా. అది ఆ దూరంలో ఆమెకు అయిదో ప్రపంచ టైటిల్.